ఫోన్ సెట్టింగ్స్‌తోనే ఎనీవన్, నోబడీ నేర్చుకోవడం

ఇంగ్లిష్‌లో సమ్‌వన్, ఎనీవన్, ఎవ్రీవన్, నోబడీ ఎన్నిసార్లు బట్టీపట్టినా కలిసిపోతుంటాయి. ఈ మాటలు మన ఫోన్‌లోనే ఉన్నాయి, అక్కడ నేర్చుకుంటే తేలిగ్గా గుర్తుంటాయి.

వాట్సాప్ భాషను ఇంగ్లిష్‌కి మార్చి, ప్రైవసీలో లాస్ట్ సీన్ తెరవండి. ఎవ్రీవన్ అంటే అందరికీ కనిపిస్తుంది, నోబడీ అంటే ఎవరికీ కనిపించదు. గూగుల్ డ్రైవ్‌లో ఫైల్ షేర్ చేసేటప్పుడు 'ఎనీవన్ విత్ ద లింక్' అని ఉంటుంది. లింక్ చేతికొచ్చిన ఎవరైనా తెరవొచ్చన్నమాట. సొంత ఫొటోలు, ఆధార్ కాపీ పంపేవాళ్లు ఈ ఒక్క మాట తప్పకుండా తెలుసుకోవాలి.

తర్వాత రోజుకు రెండు వాక్యాలు నోట్‌బుక్‌లో రాసి, పైకి చదవండి: 'సమ్‌వన్ నోస్ మై పాస్‌వర్డ్' (నా పాస్‌వర్డ్ ఎవరికో తెలుసు), 'నోబడీ నోస్ మై పిన్' (నా పిన్ ఎవరికీ తెలియదు). కొత్త మాటలు కూడా వీటితోపాటే వస్తాయి.

ఒక్క జాగ్రత్త. ఎనీవన్‌కి ఒకే తెలుగు అర్థం పెట్టుకుంటే ఈ పద్ధతి పనిచేయదు. 'ఎనీవన్ కెన్ సీ ఇట్' అంటే ఎవరైనా చూడొచ్చు, 'డోంట్ షేర్ యువర్ ఓటీపీ విత్ ఎనీవన్' అంటే ఎవరికీ చెప్పొద్దు. అందుకే విడి మాటగా కాకుండా వాక్యంగానే రాసుకోండి.