మందు పోస్తే చాలదు, డబ్బు ఎటు నుంచి వస్తోందో చూడాలి: ఇంగ్లండ్, వేల్స్‌లో లైసెన్స్ ఎప్పుడు కావాలి

ఇంగ్లండ్, వేల్స్‌లలో సంఘం వేడుకకో, దుకాణానికో మద్యం లైసెన్స్ కావాలా అన్నది చాలావరకు ఒక్క ప్రశ్నతో తేలుతుంది: ఆ మందుకి ఏ రూపంలోనైనా డబ్బు చేతులు మారుతోందా? మారుతుంటే 2003 నాటి లైసెన్సింగ్ చట్టం కింద అది అమ్మకమే. స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్‌ల చట్టాలు వేరు, ఈ లెక్కలు అక్కడ పనికిరావు.

ఇంట్లో పుట్టినరోజుకో, అద్దె హాల్లో పెళ్లికో మీ ఖర్చుతో అతిథులకు పోస్తే లైసెన్స్ అక్కర్లేదు. ఎవరి సీసా వాళ్లు తెచ్చుకున్నా అంతే. అయితే హాలువాళ్ల అద్దె ఒప్పందం మందును వద్దంటోందేమో విడిగా చూసుకోవాలి.

జనం బోల్తాపడేది "ఉచితం" అన్న మాట దగ్గర. 15 పౌండ్ల టికెట్‌లో ఒక గ్లాసు వైన్ కలిపితే ఆ వైన్ అమ్మినట్టే. డబ్బాలో డబ్బు వేస్తేనే గ్లాసు చేతికొచ్చే ఏర్పాటుకి విరాళం అని పేరు పెట్టినా మారదు. పూలగుత్తితో పాటు వైన్ సీసా పెట్టి అమ్మే షాపుకీ లైసెన్స్ కావాలి. లాభాపేక్ష లేని కార్యక్రమంలో రాఫిల్ (టికెట్లు అమ్మి తీసే లక్కీ డ్రా) బహుమతిగా సీలు తీయని సీసా ఇవ్వడానికి మాత్రం కొన్ని షరతులతో మినహాయింపు ఉంది. అనుమతి లేకుండా అమ్మితే పరిమితి లేని జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు.

రోజూ అమ్మే వ్యాపారానికి రెండు కావాలి: ఆ చోటుకి ప్రెమిసెస్ లైసెన్స్, దాని మీద సూపర్‌వైజర్‌గా పేరు ఉండే మనిషికి పర్సనల్ లైసెన్స్. దరఖాస్తు మీద 28 రోజులు పోలీసులు, ఇరుగుపొరుగు అభ్యంతరాలు చెప్పొచ్చు, చెబితే విచారణ కూడా ఉంటుంది. అందుకే లైసెన్స్ చేతికి రాకముందే ప్రారంభ తేదీ ప్రకటించకండి.

ఒక్క రోజు వేడుకకి అంత అక్కర్లేదు. ముందు హాలువాళ్లను అడగండి. వాళ్ల లైసెన్స్‌లో మద్యం అమ్మకం ఉండి, మీ కార్యక్రమం దాని వేళలకీ షరతులకీ లోబడితే, బార్ బాధ్యత ఎవరిదో వాళ్లతో రాతపూర్వకంగా తేల్చుకుంటే సరిపోతుంది. లేకపోతే స్థానిక కౌన్సిల్‌కి టెంపరరీ ఈవెంట్ నోటీస్ ఇవ్వాలి. రుసుము 21 పౌండ్లు. 18 ఏళ్లు నిండినవాళ్లు ఎవరైనా ఇవ్వొచ్చు. పర్సనల్ లైసెన్స్ లేనివాళ్లకి ఏడాదికి 5 నోటీసులు, ఉన్నవాళ్లకి 50. ఒక్కో నోటీస్ గరిష్ఠంగా 168 గంటలకు చెల్లుతుంది.

ఎక్కువగా తప్పేది రోజుల లెక్క. కౌన్సిల్‌కి నోటీస్ అందిన రోజూ, వేడుక రోజూ పోగా మధ్యలో 10 పనిదినాలు ఉండాలి. వేడుక 22వ తేదీ శనివారం అనుకుంటే, మధ్యలో సెలవుల్లేకపోయినా నోటీస్ 7వ తేదీ శుక్రవారానికల్లా అందాలి. బ్యాంకు సెలవు (అక్కడి ప్రభుత్వ సెలవు రోజు) వస్తే ఇంకా ముందుకు జరగాలి. ఆన్‌లైన్‌లో ఇస్తే పోలీసులకీ, పర్యావరణ ఆరోగ్య విభాగానికీ కౌన్సిలే పంపుతుంది. కాగితం మీద ఇస్తే ఆ ప్రతులు పంపాల్సింది మీరే, ఒక్కటి మరిచినా నోటీస్ చెల్లదు. 5 నుంచి 9 పనిదినాల ముందు ఇచ్చే లేట్ నోటీస్ కూడా ఉంది గానీ దాన్ని నమ్ముకుని టికెట్లు అమ్మొద్దు. పోలీసులో, ఆ విభాగమో అభ్యంతరం చెబితే విచారణ ఉండదు, బార్ రద్దవుతుంది. గడువులో ఇచ్చిన నోటీస్‌కైతే మీ వాదన వినిపించే అవకాశం ఉంటుంది.

తర్వాత జనం లెక్క. నోటీస్ ఇచ్చిన చోట ఒక్క సమయంలో 499 మందికి మించకూడదు, అందులో వంటవాళ్లు, వాలంటీర్లు, కళాకారులు కూడా లెక్కే. మైదానంలో పెద్ద మేళా అయితే బార్ టెంట్ వరకే నోటీస్ ఇచ్చి, ఆ హద్దు నోటీసులో స్పష్టంగా రాసి, గుమ్మం దగ్గర లోపలికి వచ్చేవాళ్లనీ బయటికి వెళ్లేవాళ్లనీ లెక్కపెట్టే మనిషిని నిలబెట్టండి.

ఆ రోజు నోటీస్ ప్రతిని బార్ దగ్గర అంటించండి. 18 ఏళ్ల లోపువాళ్లకు అమ్మడం నేరం కాబట్టి, వయసు అనుమానమొస్తే గుర్తింపు కార్డు అడగాలని గ్లాసు అందించే ప్రతి వాలంటీరుకీ ముందే చెప్పండి.