విదేశంల విల్లా బుక్ చేసుకునుడు: పైసలు కట్టకముందు అడగాల్సినయి

పోయిన దసరా తెల్లారి మేం తొమ్మిది మందిమి ఇండోనేషియాల ఉండే బాలి దీవికి పోయినం. అమ్మ, బాపు, అత్తమ్మ, మేమిద్దరం, తమ్ముడు, మరదలు, ఇద్దరు పిల్లలు. హోటల్ల నాలుగు రూములు తీసుకునే బదులు నాలుగు బెడ్‌రూంల విల్లా ఒకటి ఆరు రాత్రులకు తీసుకున్నం, సొంత పూల్, సొంత వంటిల్లు, పొద్దున లేస్తె అందరం ఒక్క కాడ్నే ఉంటమని. వచ్చినప్పటి సంది హన్మకొండల మా గల్లీల, ఆఫీసుల అందరు అదే అడుగుతున్నరు, ఎట్ల బుక్ చేసినవ్, ఎంతయింది, మోసం గిట్ల కాదా అని. ఒక్కొక్కరికి ఫోన్ల చెప్పుడు కంటే మొత్తం ఒక్కతాన రాస్తున్న.

ముందుగాల ఒక్కటి మనసుల పెట్టుకోండ్రి, విల్లాల రిసెప్షన్ ఉండదు. హోటల్ల ఏసీ ఆగిపోతె కిందికి ఫోన్ చేస్తం, వేరే రూమ్ ఇస్తరు. విల్లాల మారనీకి వేరే రూమే ఉండదు, రాత్రి పదకొండింటికి నీళ్లు రాకపోతె ఫోన్ ఎత్తేటాయన ఉన్నడో లేడో గుడ తెల్వదు. అందుకే హోటల్ లెక్క ఫొటోలు, స్టార్లు చూసి నొక్కితె కుదరదు. ఆడికి పోయినంక అడిగేటివన్ని ఇక్కడ ఇంట్ల కూసొని, పైసలు కట్టకముందే, రాతల అడగాలె. ఫోన్ల అడిగినయి లెక్కకు రావు.

చానా మంది ఇల్లు చూసి దేశం ఎంచుకుంటరు, మనకు పిల్లల సెలవులు చూసి దేశం ఎంచుకునుడే కరెక్టు. బాలిల దాదాపు నవంబర్ నుంచి మార్చి దాకా వానలు. థాయిలాండ్ల ఫుకెట్ దిక్కు ఉల్టా, మే నుంచి అక్టోబర్ దాకా వానలు, సముద్రం మోటుగ ఉంటది, బీచ్‌ల మీద ఎర్ర జెండాలు పాతుతరు, ఆ జెండా ఉంటె నీళ్లల్ల దిగొద్దు. అంటె దసరా సెలవులకు బాలి మంచిగుంటది, ఫుకెట్ తడుస్తది. సంక్రాంతికి ఫుకెట్ మంచిగుంటది, బాలి తడుస్తది. ఎండకాలం సెలవులల్ల మే నెలకు బాలి ఓకే, థాయిలాండే కావాలంటె ఫుకెట్ ఒద్దు, అవతలి దిక్కు సముద్రంల ఉన్న కో సముయ్ దీవి చూడండ్రి, దానికి పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ల పడ్తయి. మాకైతే సద్దుల బతుకమ్మ ఇడిసిపెట్టి వచ్చుడు అమ్మకు ఇష్టం లేకుండె, వేయి స్తంభాల గుడి కాడ ఆడకుంటె ఆమెకు పండుగే కాదు, అందుకే దసరా అయినంక బయలెల్లినం, పిల్లలకు స్కూలు కొన్ని రోజులు పోయింది, పోనీ.

ఉగాది దగ్గర బాలికి పోయేటోళ్లు ఇది తప్పకుండ చూడాలె. బాలి హిందువులకు గుడ శక సంవత్సరాది ఉంది, దాన్ని న్యేపి అంటరు, మన ఉగాది రోజో ఒక రోజు అటిటో వస్తది. 2026ల రెండు ఒక్కటే రోజు వచ్చినయి, మార్చి 19. ఆ రోజు 24 గంటలు ఎయిర్‌పోర్టే బంద్ పెడ్తరు, రోడ్ల మీదికి ఎవ్వరు రావొద్దు, టూరిస్టులు గుడ ఇంట్లనే, రాత్రి లైట్లు బయటికి కనవడొద్దు. ఆ రోజు పడేటట్టు బుక్ చేసుకుంటె ముందు రోజే తినేటివి తెచ్చిపెట్టుకోవాలె. నాకైతే ఒక్కసారి ఆ నిశ్శబ్దం చూడాలని ఉంది, గని రిటర్న్ ఫ్లైట్ ఆ రోజు పెట్టుకోవద్దు.

ఇగ ఏరియా. బాలి అంటె ఒక్క ఊరు కాదు. చంగూ, సెమిన్యాక్ దిక్కు హోటళ్లు, కేఫ్‌లు మస్తు, ట్రాఫిక్ గుడ గంతే, కొత్త కట్టుడు పనులు ఎక్కడ చూసినా నడుస్తనే ఉంటయి. ఉలువాటు సముద్రం పక్కన కొండంచున ఉంటది, చూడనీకి కండ్లు చాలవు, గని బీచ్‌కు దిగాల్నంటె మెట్లే మెట్లు. ఉబుద్ల వరి పొలాలు, చెట్లు, చల్లగ ఉంటది, సముద్రం ఉండదు, ఎయిర్‌పోర్ట్ నుంచి దగ్గరదగ్గర గంటన్నర పడ్తది. సనూర్, నుసా దువా దిక్కు సముద్రం నెమ్మదిగ ఉంటది, పిల్లలు, పెద్దోళ్లు ఉన్నోళ్లకు నేనైతే అదే చెప్త. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు, ఉలువాటు ఫొటోలు చూసి తమ్ముడు మస్తు ఉషారైండు, గని ఆమె ఆరు రోజులు విల్లాలనే కూసోవాలెనా అని సనూర్ తీసుకున్నం.

ఇల్లు చూసేటప్పుడు ఫొటోల ఏమున్నదో కాదు, ఏం లేదో చూడండ్రి. ఇరవై ఫొటోల పూల్ పది సార్లు కనవడి బాత్రూం ఒక్కటే కనవడ్తె మిగిలిన బాత్రూంలు అడిగి తెప్పించుకోండ్రి. బాలి విల్లాలల్ల చానా వాటికి హాల్‌కు గోడలుండయి, అటు పూల్ ఇటు సోఫా, అంత ఓపెనే. ఫొటోల మంచిగుంటది, పొద్దుమీకి దోమలొస్తయి, మధ్యాహ్నం ఏసీ ఉండదు, బల్లులు గోడల మీద తిరుగుతయి. మా అత్తమ్మకు అది పడదు. హాల్ మూసి ఏసీ వేసుకునేటట్టు ఉన్నదా అని అడిగినం, ఉన్నదే తీసుకున్నం.

కింద అంతస్తుల ఎన్ని బెడ్‌రూంలు ఉన్నయి, ఆ బెడ్‌రూంకు అటాచ్డ్ బాత్రూం ఉందా, పెద్దోళ్లున్నోళ్లు ఇదే ముందు అడగాలె. పూల్ ఎంత లోతు, చుట్టు కంచె గాని గేటు గాని ఉందా అని రెండోది. చానా విల్లాలల్ల కంచె ఉండదు, బెడ్‌రూం తలుపు తీస్తె నాలుగడుగులల్ల నీళ్లే. ఐదేండ్ల లోపు పిల్లలుంటె ఈ ఒక్క ముచ్చట మీదనే విల్లా ఒద్దనుకున్నా తప్పు లేదు. కొందరు ఓనర్లు అడిగితె తీసి పెట్టే కంచె ఫిట్ చేస్తరు, కిరాయి తీసుకుంటరు, అది గుడ బుకింగ్ ముందే మెసేజ్‌ల రాయించుకోండ్రి. మా చిన్నోనికి నాలుగేండ్లు, కంచె పెట్టినంకనే మా మరదలు నిద్ర పోయింది.

గేటు దాకా కారు వస్తదా అనేది నేను అడగక తిప్పలు పడ్డది. ఇంతకుముందు ఒకసారి మేమిద్దరమే పోయినప్పుడు తీసుకున్న ఇల్లు సన్న గల్లీల ఉండె, స్కూటర్లు తప్ప ఏం పోవు, కారు రోడ్డు మీదనే ఆపి రాత్రిపూట రెండు సూట్‌కేసులు వానల మోసుకుంట పోయినం. అప్పుడు ఇద్దరమే కాబట్టి సరిపోయింది. ఈసారి పదమూడు సీట్ల బండి గేటు దాకా వస్తదా, తిప్పుకునే జాగ ఉందా అని అడిగితె ఓనర్ గేటు ముంగట నుంచి వీడియో తీసి పంపిండు. అట్ల అడుగుతె పంపేటోళ్ల కాడనే తీసుకోండ్రి. కరెంటు పోతె జనరేటర్ ఉందా, పక్క ప్లాట్ల కట్టుడు పని నడుస్తుందా, పని మనిషి ఎన్ని గంటలకు వచ్చి ఎన్ని గంటలకు పోతది, ఇవి గుడ అందుల్నే కలిపి అడగండ్రి. కట్టుడు పని సంగతి ఓనర్లు తొందరగ చెప్పరు, కొత్తగ వచ్చిన రివ్యూలు మూడు నెలలయి చదువుతె ఎవరో ఒకరు రాసే ఉంటరు. రివ్యూలల్ల ఐదు స్టార్లయి వదిలేసి మూడు, నాలుగు స్టార్లయి చదవండ్రి, నిజం ఆడ దొరుకుతది.

వంటిల్లు ఉందంటె వండుకోనిస్తరని కాదు. కొన్ని ఇండ్లల్ల ఒక్క ఎలక్ట్రిక్ పొయ్యి, రెండు గిన్నెలు పెట్టి వంటిల్లు అని రాస్తరు. గ్యాస్ ఉందా, పెద్ద గిన్నెలు ఉన్నయా, పోపు పెడ్తె ఏమన్న అంటరా అని నేను సూటిగ అడిగిన, రైస్ కుక్కర్ ఉందన్నరు. మేం చింతపండు, కారంపొడి, పప్పు పట్టుకపోయినం, పొద్దున పూట అన్నం పప్పు ఇంట్ల, రాత్రి బయట. బాలిల పంపు నీళ్లు తాగొద్దు, పెద్ద క్యాన్లు పెడ్తరు, రోజుకు ఎన్ని ఇస్తరో అడగండ్రి. వంటాయనను పెట్టుకుంటమంటె చానా విల్లాలల్ల దొరుకుతరు, సామాన్ల పైసలు వేరు, ఆయన కూలి వేరు. శాకాహారం తినేటోళ్లుంటె ఒకటి గట్టిగ చెప్పండ్రి, ఆడి సంబల్ పచ్చడిల చానాసార్లు తెరాసి అని రొయ్యల ముద్ద కలుపుతరు, చూస్తె ఉత్త మిరపకాయ పచ్చడి లెక్కనే ఉంటది. అత్తమ్మ శనివారం నీసు ముట్టదు, ముందే చెప్పినం కాబట్టి వేరేగ నూరిచ్చిండు.

ఇల్లు నచ్చినంక అది ఉన్నదా లేదా తేల్చుకోవాలె. ఫొటోలను గూగుల్ లెన్స్ల (ఫొటో పెట్టి వెతికేది) వేసి చూడండ్రి, అదే ఇల్లు వేరే పేరుతోని, వేరే ఊర్ల కనవడ్తె వదిలేయండ్రి. మ్యాప్‌ల శాటిలైట్ బొమ్మ పెట్టి పూల్ ఆకారం కలుస్తుందో చూడండ్రి. ఎయిర్‌బీఎన్‌బీ, బుకింగ్ డాట్ కామ్, అగోడా, బుకింగ్ సైట్ ఏదైనా సరే, సైట్ బయటికొచ్చి నాకు డైరెక్ట్ పంపితె 15 శాతం తక్కువ చేస్త అన్నోడి కాడ ఆగిపోండ్రి. మాకు తెలిసినాయన ఒకరు కాజీపేటల ఉంటడు, అట్లనే వాట్సాప్ల మాట్లాడి సగం పైసలు పంపిండు, పోయినంక ఆ అడ్రస్ల వేరేటోళ్లు ఉన్నరు, పిల్లలతోని రాత్రి పదింటికి హోటల్ వెతుక్కున్నరు. బయట కట్టిన పైసలకు ఆ సైట్లు జవాబుదారీ కావు. ఎయిర్‌బీఎన్‌బీల అయితె సమస్య కనవడ్డ 72 గంటల లోపల వాళ్లకు చెప్పాలె, ఫొటోలు తీసి పెట్టుకోవాలె, లేటయితె రిఫండ్ కష్టం.

లైసెన్సు ముచ్చట గుడ ఉంది. థాయిలాండ్ల 30 రోజుల కంటే తక్కువకు కిరాయికి ఇచ్చుడు హోటల్ చట్టం కిందికి వస్తది, 2004 నుంచి ఉన్నది ఆ చట్టం, చిన్న ఇండ్లకు సడలింపులున్నయి గని అపార్ట్‌మెంట్ ఫ్లాట్లు రోజువారీ ఇచ్చుడు అక్కడ తకరారే. ఎవరన్న అడిగితె మా చుట్టాలని చెప్పు అని ఓనర్ అంటె ఆ ఇల్లు ఒద్దు. బాలిల చిన్న వాటికి పొందోక్ విసాతా అని లైసెన్స్ ఉంటది, ఉందా అని అడిగితె ఉన్నోళ్లు వెంటనే చెప్తరు.

పైసల లెక్క. మాకు రాత్రికి 22 వేలు పడ్డది, తొమ్మిది మందికి పంచితె హోటల్ కంటే తక్కువే. గని మొదట కనవడ్డ రేటు 18 వేలు ఉండె. ఇండోనేషియాల రేటు పక్కన ప్లస్ ప్లస్ అని రాస్తె ట్యాక్స్, సర్వీస్ వేరే కలుస్తయని అర్థం, అది 21 శాతం దాకా పోతది. క్లీనింగ్ ఫీజు, ఎక్కువ మనుషులకు ఎక్స్‌ట్రా, వాపస్ ఇచ్చే డిపాజిట్, అన్ని కలిపి ఆఖరి స్క్రీన్ల చూసిన రేటునే పోల్చండ్రి. కార్డు సంగతి, ఇంటర్నేషనల్ వాడకం బ్యాంక్ యాప్ల ఆన్ చేస్తేనే పనిచేస్తది, చానా కార్డులకు రెండు నుంచి మూడున్నర శాతం ఫారెక్స్ చార్జి (విదేశీ పైసలల్ల కట్టినందుకు), దాని మీద జీఎస్టీ. ఆడ మిషిన్ల రూపాయలల్ల కడ్తరా అని అడిగితె ఒద్దనండ్రి, వాళ్ల కరెన్సీలనే కట్టండ్రి, రూపాయలల్ల కడ్తె వాళ్ల రేటు వేస్తరు. ట్రావెల్ ఏజెంట్ కాడ ఫ్లైట్, విల్లా కలిపి ప్యాకేజీ తీసుకుంటె టీసీఎస్ అని ముందుగాలనే ఇన్‌కమ్ ట్యాక్స్ కోస్తరు, అది పోయిన పైసలు కాదు, ఇన్‌కమ్ ట్యాక్స్ సైట్ల మన పేరు మీద కనవడ్తది, రిటర్న్ ఫైల్ చేసేటప్పుడు సర్దుకోవచ్చు, రేటు బడ్జెట్ల మారుతుంటది కాబట్టి కట్టే రోజు ఎంతో అడిగి రసీదు తీసుకోండ్రి.

క్యాన్సిలేషన్ చదవకుండ నొక్కొద్దు. ఎన్ని రోజుల ముందు దాకా పూర్తి వాపస్, ఆ తర్వాత ఎంత, రాసుకోండ్రి. ఆ గడువు ఆ ఊరి టైంల లెక్క, బాలి మనకంటే రెండున్నర గంటలు ముందుంటది, థాయిలాండ్ గంటన్నర. ముసలోళ్లతోని పోయేటప్పుడు కొంచెం ఎక్కువైనా సరే వాపస్ వచ్చేదే తీసుకోండ్రి, మా బాపుకు షుగర్, పోయే వారం ముందు ఎట్ల ఉంటడో ఎవరు చెప్తరు.

పాస్‌పోర్ట్‌ల దిగే రోజు నుంచి ఆరు నెలలు మిగిలి ఉండాలె. అమ్మది ఐదు నెలలే ఉండె, చూసుకోకపోతె శంషాబాద్ నుంచే వాపస్ పంపుతుండె. బాలికి వీసా ఆన్ అరైవల్ (దిగినంక ఇచ్చే వీసా) మనిషికి 5 లక్షల రుపియా, అంటె ఆడి పైసలల్ల, 2024 ఫిబ్రవరి నుంచి టూరిస్ట్ ఫీజు ఇంకో లక్షన్నర, పిల్లలకు గుడ. లక్ష రుపియా అంటె మన ఐదారు వందలు, తొమ్మిది మందికి 30 వేలు దాటింది, విల్లా బడ్జెట్ల ఇది కలపకుండ కూసుంటె ఆడ దిగినంక తెలుస్తది. థాయిలాండ్‌కైతే దిగేటానికి ముందు మూడు రోజుల లోపల ఆన్‌లైన్ల అరైవల్ కార్డు నింపాలె. ఈ ఫారాలల్ల ఉండే అడ్రస్ అడుగుతరు, విల్లా పేరు ఒక్కటే కాదు, పూర్తి అడ్రస్ ఓనర్ కాడ తీసుకొని పెట్టుకోండ్రి. స్కూటర్ నడుపుదామనుకునే పోరగాళ్లకు మన లైసెన్స్ సరిపోదు, ఆర్టీఓల ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకోవాలె, అందుల టూ వీలర్ ఉండాలె, లేకపోతె యాక్సిడెంట్ అయితె ఇన్సూరెన్స్ పైస ఇయ్యరు.

హైదరాబాద్ నుంచి సింగపూర్ లేకపోతె కౌలాలంపూర్ మీదుగ పోయినప్పుడు చానాసార్లు పొద్దున దిగుతం, విల్లా ఇచ్చేది మధ్యాహ్నం రెండు మూడింటికి. సామాను పెట్టుకొని పూల్ కాడ కూసోనిస్తరా అని ముందే అడగండ్రి, మమ్మల్ని కూసోనిచ్చిండ్రు, అమ్మ ఆడ్నే సోఫా మీద పండుకున్నది. లోపలికి పోంగనే సంచులు విప్పకముందు ప్రతి రూమ్ వీడియో తియ్యండ్రి, గీతలు పడ్డ టేబుల్, పగిలిన గ్లాసు, అన్ని, తీసి వెంటనే ఓనర్‌కు పంపండ్రి. వాపస్ వచ్చే రోజు తాళాలు ఇచ్చేముందు మళ్లొకసారి. మేం వచ్చే రోజు ఒక టవల్‌కు పసుపు మరక ఉందని డిపాజిట్ల కోస్తమన్నరు, మొదటి రోజు వీడియోల ఆ మరక కనవడ్డది, నాలుగు రోజులకు డిపాజిట్ మొత్తం వాపస్ పడ్డది.