కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్ చదవడం ఎలా? ఒడిశా సరిహద్దు తెలుగు విద్యార్థుల కోసం

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు తెలుగు ఇళ్లలో సివిల్ ఇంజినీరింగ్ అంటే ప్లాన్ గీసే చదువనే అనుకుంటారు. కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్ పని ప్లాన్ చేతికొచ్చాక మొదలవుతుంది. ఏ పని ముందు, ఏది వెనక? సిమెంటు ఎప్పుడు దిగాలి? బిల్లు ఎప్పుడు పెట్టాలి? తుఫానుకు పని ఆగితే ఆ నష్టం ఎవరు భరించాలి? ఇవన్నీ ఈ చదువులోకి వస్తాయి. మన దేశంలో డిగ్రీ స్థాయిలో దీన్ని నేరుగా చెప్పే చోట్లు తక్కువ. చాలామంది సివిల్‌లో బీటెక్ చేసి, ఎంటెక్‌లోనో పీజీ కోర్సులోనో ఇటు వస్తారు. సరిహద్దులో ఉన్నవాళ్లు మాత్రం పదో తరగతి దగ్గరే ఆలోచించుకోవాలి.

1. ఇంటర్ ఎక్కడ చదవాలో తేల్చుకోండి

పది పాసవగానే పిల్లల్ని విశాఖపట్నంలో హాస్టల్లో వేయడం మన వైపు మామూలే. వేసే ముందు ఒక లెక్క చూసుకోండి. ఎన్‌ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లవి. పుట్టిన ఊరు, ఆధార్ అడ్రసు చూసి సొంత రాష్ట్రాన్ని తేల్చరు. పన్నెండో తరగతి ఏ రాష్ట్రంలో పాసయ్యారో అదే సొంత రాష్ట్రం. గుణుపురం కుర్రాడు విశాఖలో ఇంటర్ పూర్తిచేస్తే రూర్కెలా ఎన్‌ఐటీకి బయటివాడవుతాడు, తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీకి సొంతవాడవుతాడు. సివిల్ సీటు కోసమే అయితే నేను రూర్కెలా వైపే మొగ్గుతాను.

ఆంధ్ర ఈఏపీసెట్‌లో లెక్క మళ్లీ వేరు. అక్కడ 85 శాతం సీట్లు లోకల్ వాళ్లకే. చదువు ఆధారంగా లోకల్ అనిపించుకోవాలంటే వరుసగా నాలుగేళ్లు అక్కడే చదివి ఉండాలి, రెండేళ్ల ఇంటర్ చాలదు. అంటే ఇంటర్‌కి మాత్రమే విశాఖ వెళ్లినవాళ్లకు రూర్కెలా ఎన్‌ఐటీలో హోమ్ స్టేట్ కోటా పోతుంది, ఆంధ్రలో లోకల్ హోదా రాదు. ఇది చాలామందికి కౌన్సెలింగ్ రోజున గానీ తెలియడం లేదు. ఎక్కడ చదివినా తహసీల్దార్ ఆఫీసు నుంచి రెసిడెన్స్ సర్టిఫికెట్ ముందే తీసి ఉంచుకోండి. ఒడిశా ఇంజినీరింగ్ సీట్లిచ్చే ఓజేఈఈ కౌన్సెలింగ్‌లో అది అడుగుతారు.

2. డిప్లొమాను తక్కువగా చూడకండి

పది తరవాత మూడేళ్ల డిప్లొమా చేసి, లేటరల్ ఎంట్రీతో బీటెక్ రెండో ఏడాదిలో చేరితే మొత్తం ఆరేళ్లు. ఇంటర్ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు కలిపినా ఆరేళ్లే. డిప్లొమా పిల్లలు సర్వే, ఎస్టిమేట్ ముందే చేత్తో చేసి ఉంటారు. ఈ సబ్జెక్టుకు అది పెద్ద లాభం. బరంపురంలో ఉమాచరణ్ పట్నాయక్ ఇంజినీరింగ్ స్కూల్ ఉంది. బీటెక్‌కి అదే ఊళ్లో పరాల మహారాజా ఇంజినీరింగ్ కాలేజీ, పర్లాకిమిడిలో సెంచూరియన్, గుణుపురంలో జీఐఈటీ ఉన్నాయి.

3. కాలేజీలో ఉండగానే ఒక స్లాబుకు షెడ్యూల్ వేయండి

సిలబస్‌లో సీపీఎం (క్రిటికల్ పాత్ మెథడ్), పెర్ట్ వస్తాయి. ఏ పని దేని తరవాతో, మొత్తం ఎన్నాళ్లు పడుతుందో లెక్కగట్టే పద్ధతులివి. రెండూ 1950ల చివర్లో అమెరికాలో పుట్టినవే. మొదటిది డ్యూపాంట్ కెమికల్ ప్లాంట్ల పనుల కోసం, రెండోది అక్కడి నేవీ పోలారిస్ మిసైల్ కోసం. పరీక్షకు బొమ్మలు గీసి వదిలేస్తే ఇవి ఒంటబట్టవు. మీ వీధిలో కడుతున్న ఇంటికెళ్లి మేస్త్రిని అడిగి పనుల వరస రాసుకోండి: సెంట్రింగ్, రాడ్ కట్టడం, ఎలక్ట్రీషియన్ పైపులు, కాంక్రీటు, క్యూరింగ్, సెంట్రింగ్ విప్పడం, లోపల ప్లాస్టరింగ్. ఒక్కోదానికి ఎన్ని రోజులో, దేని తరవాత ఏదో రాయండి. ఎలక్ట్రీషియన్ పని ఒక్క రోజుదే అయినా అతను రాకపోతే కాంక్రీటు ఆగిపోతుందని అక్కడ తెలుస్తుంది. వడ్రంగి తలుపులు నాలుగు రోజులు ఆలస్యంగా తెచ్చినా ఏ పనీ ఆగదు. మొదటి పని క్రిటికల్ పాత్‌లో, అంటే ఒకటి ఆగితే అంతా ఆలస్యమయ్యే వరసలో ఉంది; రెండోదానికి ఫ్లోట్, అంటే కొంత ఆలస్యమైనా పరవాలేదనే వెసులుబాటు ఉంది.

ఇక సెంట్రింగ్ ఎప్పుడు విప్పాలి? మేస్త్రి ఏడు రోజులంటాడు. కాంక్రీటు పనులకు మన దేశపు ప్రామాణిక కోడ్ ఐఎస్ 456:2000 కూడా 4.5 మీటర్ల లోపు స్లాబుకు సపోర్టులు ఏడు రోజులుంచమంటుంది, అంతకు మించితే 14 రోజులు. అయితే ఆ అంకెలకు షరతులున్నాయి: ఓపీసీ (సాధారణ పోర్ట్‌లాండ్) సిమెంటు వాడాలి, క్యూరింగ్ సరిగ్గా జరగాలి, ఉష్ణోగ్రత 15 డిగ్రీల కిందికి పోకూడదు. కోరాపుట్, సెమిలిగుడ వైపు చలికాలం రాత్రుళ్లు ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. పైగా మన షాపుల్లో ఎక్కువగా దొరికేది ఓపీసీ కాదు, బూడిద కలిపిన పీపీసీ, స్లాగ్ సిమెంటు. కాబట్టి ఆ ఏడు రోజుల్ని అలాగే షెడ్యూల్‌లో వేసేయకూడదు. క్యూబ్ టెస్ట్ (కాంక్రీటు దిమ్మల బలం పరీక్ష) చూసి, రోజులు పెంచాలి.

క్యాలెండర్ కూడా సొంతంగా తయారుచేసుకోండి. జూన్ మధ్యలో రజ పండక్కి ఒడియా కూలీలు ఊళ్లకు వెళ్తారు, సంక్రాంతికి తెలుగువాళ్లు వెళ్తారు, నాట్ల రోజుల్లో ఇద్దరూ దొరకరు. సాఫ్ట్‌వేర్‌కి ఇవేవీ తెలియవు, మీరే ఎక్కించాలి. అన్నట్టు, ప్రైమవేరా అనే షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్ సర్టిఫికెట్ కోసం రెండో ఏడాదిలోనే కోచింగ్‌కి డబ్బు పోయకండి. చేత్తో నెట్‌వర్క్ వేయడం వస్తే, ఎక్సెల్ తరవాత అది త్వరగానే వస్తుంది.

4. కాంట్రాక్టు చదవడం నేర్చుకోండి

బీటెక్‌లో ఎక్కువమంది వదిలేసే భాగం ఇదే. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస వైపు దాటి గజపతి జిల్లాను ముంచింది. అలాంటప్పుడు సైట్లో పని ఆగితే కాంట్రాక్టర్‌కి గడువు పెంచుతారా, లేక జరిమానా వేస్తారా అన్నది కాంట్రాక్టులోని షరతుల మీద, సైట్లో రాసిపెట్టిన కాగితాల మీద ఆధారపడుతుంది. పని ఎప్పుడు ఆగింది, ఎందుకు ఆగింది అన్నది హిండ్రెన్స్ రిజిస్టర్‌లో ఏ రోజుకారోజు ఎక్కాలి. నోటీసు గడువులోపల ఇవ్వాలి. ఏదైనా ప్రభుత్వ టెండరు కాగితాలు డౌన్‌లోడ్ చేసుకుని గడువు పొడిగింపు, ఆలస్యానికి జరిమానా, కొలతలు, బిల్లుల చెల్లింపు గురించిన క్లాజులు మాత్రం చదవండి. మిగతావి తరవాత చూసుకోవచ్చు.

ఇంటర్న్‌షిప్‌కి దూరం పోనక్కర్లేదు. 464 కిలోమీటర్ల ఆరు లేన్ల రాయ్‌పూర్–విశాఖ హైవే నవరంగ్‌పూర్, కోరాపుట్ జిల్లాల మీదుగా వెళ్తోంది. కాలేజీ లెటర్‌తో ఇలాంటి సైట్లలో అడగండి. కూలీలతో తెలుగు, ఆఫీసులో ఒడియా, బయటి ఆపరేటర్లతో హిందీ మాట్లాడగలగడం మనవాళ్లకు బాగా కలిసొస్తుంది. రెజ్యూమేలో పైనే రాయండి.

5. పీజీ: గేటా, ఫీజా?

ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్‌ని బీటెక్ మూడో ఏడాది నుంచే రాయొచ్చు, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. సివిల్ పేపర్‌లో పెర్ట్, సీపీఎం, ఎస్టిమేషన్ ఎలాగూ ఉంటాయి. ఐఐటీ ఢిల్లీ, ఐఐటీ మద్రాస్‌లలో ఈ రంగంలో ఎంటెక్ ఉంది. గేట్‌తో చేరినవాళ్లకు నెలకు రూ. 12,400 స్టైపెండ్ వస్తుంది. ఎన్‌ఐటీ ఎంటెక్ సీట్లలో సొంత రాష్ట్రం కోటా ఉండదు కాబట్టి ఇంటర్ నాటి చిక్కు ఇక్కడ లేదు. 1983లో మొదలైన నిక్మార్ అనే ప్రైవేటు విద్యాసంస్థ పుణె, హైదరాబాద్‌లలో ఇదే సబ్జెక్టును ప్రధానంగా చెబుతుంది. కంపెనీలకు బాగా తెలిసిన పేరే కానీ ఫీజు లక్షల్లో ఉంటుంది. లోన్ తీసుకునేట్టయితే మొదటి జీతంలో ఈఎంఐకి ఎంత పోతుందో కాగితం మీద వేసి ఇంట్లో చూపించండి. నా మటుకు బీటెక్ తరవాత రెండేళ్లు సైట్లో పనిచేసి అప్పుడు పీజీకి వెళ్లడమే మేలు. క్లాసులో చెప్పే ప్రతి క్లెయిమూ (కాంట్రాక్టర్ అదనపు డబ్బో గడువో అడగడం) అప్పుడే అర్థమవుతుంది, ఫీజులో కొంత సొంత డబ్బూ ఉంటుంది.

6. మొదటి ఉద్యోగం

పీజీ అవగానే ప్లానింగ్ ఇంజినీర్ పోస్టు వస్తే సంతోషమే. అయితే హెడ్డాఫీసులో కాకుండా సైట్లో వేయమని అడగండి. ఆఫర్ లెటర్ చేతికొచ్చాక జీతం అంకె ఒక్కటే చూడకండి. వసతి ఎవరిది, సైట్ అలవెన్స్ ఎంత, పీఎఫ్ జీతంలో కలిపి చూపించారా, ప్రాజెక్టు అయిపోయాక వేరే సైట్‌కి పంపుతారా అన్నవి మెయిల్‌లో రాతపూర్వకంగా అడిగి, జవాబు వచ్చాకే చేరండి.