యాత్రా రచనలు చదవడం – 4వ పాఠం: 'ఎడారి' అనే మాట

పోయిన పాఠంలో, యాత్రికుడు తను చూసిన జనం గురించి వాడిన మెప్పు మాటలు ఒక వరుసలో, తిట్టు మాటలు ఒక వరుసలో రాయమన్నాను కదా. చాలామంది మన్సిల్యాను మెప్పు వరుసలో పెట్టి, మంచివాడని తేల్చేసి, పుస్తకం మూసేశారు. అక్కడ ఆగకూడదని నేను ముందే గట్టిగా చెప్పాల్సింది.

లూసియో మన్సిల్యా అర్జెంటీనా సైన్యంలో కల్నల్. 1870లో శాంతి ఒప్పందం పని మీద రాంకెల్ అనే ఆదివాసీ జనం దగ్గరికి వెళ్లి, ఆ ప్రయాణాన్ని పత్రికలో లేఖలుగా రాశాడు. వాళ్ల సభల్ని, మర్యాదల్ని ఇష్టంగానే వర్ణించాడు. కానీ వెళ్లింది సరిహద్దు కమాండర్‌గా. ఎవరు పంపారు, వెంట ఎవరున్నారు అనేవి మీరే చూసుకోగలరు. నేనైతే ఏ యాత్రా పుస్తకంలోనైనా మనుషుల వర్ణన కంటే ముందు నేల వర్ణనే చదువుతాను.

ఎందుకంటే అసలు ఉచ్చు అక్కడే ఉంది. పంపానీ, దానికి దక్షిణాన ఉన్న పటగోనియానీ అప్పటి అర్జెంటీనా రాతలు 'ఎడారి' అన్నాయి. మనకి వెంటనే ఇసుక గుర్తొస్తుంది, ముందు దాన్ని బుర్రలోంచి తీసేయండి. పంపా అంటే గడ్డి మైదానం: గుర్రాలు, మందలు, నీటి మడుగులు, తోలు గుడారాల్లో కుటుంబాలు. మన్సిల్యా ఒక పేజీలో ఎడారి అంటాడు, ఇంకో పేజీలో అదే ఎడారిలో ఎవరో పెట్టిన భోజనం తింటాడు! ఈ రెండూ పక్కపక్కన పెట్టి చదవాలి. అక్కడ మనుషులు లేరని కాదు, ఉన్నవాళ్లు లెక్కలోకి రారని దాని అర్థం. 1878లో సెబాయోస్ అనే అర్జెంటీనా రచయిత ఆ భూమిని స్వాధీనం చేసుకోవాలని ఏకంగా పుస్తకమే రాశాడు. మరుసటి ఏడాది అర్జెంటీనా యుద్ధమంత్రి జనరల్ రోకా సైన్యం కదిలింది, ఆ దండయాత్రకు 'ఎడారి విజయం' అని పేరు. ఖాళీ నేల మీద ఎవరిని గెలిచినట్టు?

ఆ నేల మీద ఉన్నవాళ్లకి ఇదంతా తెలుసు. రాంకెల్ నాయకుడు మరియానో రోసాస్ పెట్టెలోంచి ఒక పత్రిక తీసి, రైలుమార్గం వార్త చూపించి, రైలొచ్చాక ఇంకా భూమి కావాలంటారు, మమ్మల్ని వెళ్లగొడతారు అని మన్సిల్యాను నిలదీశాడు. ఆ సంగతి రాసింది మన్సిల్యానే. నాకు ఆ పుస్తకంలో అన్నిటికంటే విలువైన చోటు అదే. మరియానో 1877లో చనిపోయాడు. తర్వాత సైనికులు సమాధి తవ్వి తీసిన పుర్రె సెబాయోస్ చేతికి, అక్కణ్ణుంచి అర్జెంటీనాలోని లా ప్లాతా నగర మ్యూజియానికి చేరింది. అది సొంత నేలకి తిరిగొచ్చింది 2001లో.

అభ్యాసం: మీ దగ్గరున్న యాత్రా రచనలో 10 పేజీలు తీసుకోండి. నేల ఖాళీగా ఉందన్న ప్రతి వాక్యం కిందా, అదే పుస్తకంలో అక్కడ మనుషులున్నారని చూపే వాక్యం రాయండి. ఆ తర్వాత ఒక పేజీని అతిథికి అన్నం పెట్టిన మనిషి చెబుతున్నట్టు తిరగరాయండి, పేజీలో ఉన్నదే తప్ప కొత్తది ఒక్కటీ చేర్చకుండా. రెండు మూడు రోజులు పడుతుంది, తొందరపడకండి.