పాత ఇత్తడి చెంబు, జాడీ, లాంతరు: ఆయిల్ రంగుల్లో స్టిల్ లైఫ్ (కదలని వస్తువుల బొమ్మ) వేసే తీరు

అటక మీది ఇత్తడి చెంబు కిందికి దిగగానే చింతపండుతో తోమబుద్ధేస్తుంది. బొమ్మ వేసే ఉద్దేశం ఉంటే తోమకండి. తళతళలాడే చెంబు అద్దంతో సమానం. గది, కిటికీ, మీ చొక్కా రంగు అన్నీ అందులోకి వచ్చి కూర్చుంటాయి. మెడ మడతలో పట్టిన పచ్చటి కిలుము, చెయ్యి తగిలీ తగిలీ మెరుగెక్కిన నడుము, పొయ్యి సెగకు నల్లబడిన అడుగు పోతే ఆ చెంబుకూ కొత్త చెంబుకూ తేడా ఉండదు. పొడిగుడ్డతో దుమ్ము తుడిస్తే చాలు. మరీ నల్లగా ఉంటే బొజ్జ మీద అరచేయంత మేర మాత్రం చింతపండు రుద్ది కడగండి. లాంతరులో మిగిలిన కిరోసిన్ ఒంపేయండి, చిమ్నీకి ఒక పక్కనున్న మసిని మాత్రం కదపొద్దు.

ఈ మూడింటినీ కలిపి పెట్టడానికి కారణముంది. ఒకటి లోహం, ఒకటి గ్లేజు (గాజులా మెరిసే పూత) పూసిన మట్టి, ఒకటి గాజు. ఒకే వెలుగు మూడింటి మీదా మూడు రకాలుగా పడుతుంది.

మూతుల లోపలి భాగం కొద్దిగా కనిపించేలా, కంటి మట్టానికి కాస్త దిగువన బల్ల వేసుకోండి. నాలుగైదు అడుగుల దూరంలో కూర్చుంటే సరిపోతుంది. దగ్గరైతే వస్తువులు వంకరగా కనిపిస్తాయి. వెనక ముదురు నీలం నూలు గుడ్డ, కింద ఉతికి మెత్తబడిన తెల్ల పంచె. చెంబు, జాడీ ఒకదాన్నొకటి కొంత కప్పాలి. రెండు అంచులు సరిగ్గా ఒకే బిందువులో తాకాయంటే బొమ్మలో ఏది ముందో ఏది వెనకో తెలియదు.

వెలుగు ఒకే వైపు నుంచి రావాలి. ఉత్తరపు కిటికీ మేలని పుస్తకాల్లో రాస్తారు. అది ఎక్కువగా యూరప్‌కు సరిపోయే మాట. మన దగ్గర మార్చి చివరి నుంచి సెప్టెంబరు దాకా పొద్దున, సాయంత్రం ఉత్తరపు కిటికీలోకి నేరుగా ఎండ వస్తుంది. హైదరాబాద్‌లో మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా మధ్యాహ్నం సూర్యుడు కూడా ఉత్తరానికే ఒరిగి ఉంటాడు. ఆ నెలల్లో కిటికీకి పల్చటి తెల్లగుడ్డ కట్టండి, లేదా కిటికీ మూసేసి 5000 కెల్విన్ (పగటి వెలుగుకు దగ్గరి తెలుపు), సీఆర్ఐ (రంగులను ఎంత సహజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 దాటిన ఎల్ఈడీ బల్బు ఎడమవైపు పైనుంచి వేయండి. కాన్వాస్ మీదా అదే రంగు వెలుగు పడాలి. పసుపు బల్బు కింద కలిపిన రంగులు పగటిపూట చూస్తే సరిగా ఉండవు.

12×16 అంగుళాల కాన్వాస్ తీసుకుని, టర్పెంటైన్‌లో (రంగును పల్చబరిచే ద్రావకం) పల్చగా కలిపిన బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ రంగు) పూసి గుడ్డతో తుడిచేయండి. తెల్ల కాన్వాస్ మీద ప్రతి రంగూ ఉన్నదానికన్నా ముదురుగా కనిపించి మోసం చేస్తుంది. ఆరాక చెంబుకు నడిమి గీత గీసి, రెండు పక్కలా సమానంగా కొలవండి. మూతి గుండ్రం కోడిగుడ్డులా ఒక పక్క సన్నబడకూడదు, చివర్లు బాదంగింజలా మొనదేలకూడదు. ఎక్కువమంది తప్పేది అడుగు దగ్గర: పాత్ర బల్ల మీదుంది కదా అని అడుగును తిన్నగా గీసేస్తారు. అది కంటికి ఇంకా కింద ఉంది కాబట్టి మూతి కన్నా ఎక్కువ వంపు తిరగాలి. కొలత కుదిరాక సొట్టలు వేయండి. ముందే వేస్తే గీత తప్పిందో సొట్ట పడిందో చూసేవాళ్లకు అర్థం కాదు.

చెంబుకు బంగారు రంగు ట్యూబు కొనకండి. నీడకు బర్న్ట్ అంబర్ రెండు పాళ్లు, అల్ట్రామెరైన్ (ముదురు నీలం) ఒక పాలు. నడిమి రంగుకు ఎల్లో ఆకర్ (మట్టి పసుపు) మూడు పాళ్లు, బర్న్ట్ సియెన్నా (ఎర్ర గోధుమ) ఒకటి. వెలుగుకు ఎల్లో ఆకర్‌లో కొంచెం కాడ్మియం ఎల్లో, చిటికెడు తెలుపు. తెలుపు ఎక్కువైతే సున్నం పూసినట్టు పాలిపోతుంది. కళ్లు సగం మూసి చూడండి: మెరుస్తున్న చోటు పక్కనే దాదాపు నల్లటి పట్టీ ఉంటుంది, రెండింటి మధ్య అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది. ఇత్తడి మెరుపు ఆ అంచులోంచే వస్తుంది. దాన్ని బ్రష్‌తో నునుపు చేశారంటే చెంబు మట్టికుండ అయిపోతుంది. నీడ పక్క కింది భాగంలో తెల్ల పంచె ప్రతిఫలించి సన్నటి వెలుగు పట్టీ కనిపిస్తుంది. పంచె మీద కూడా చెంబు విసిరిన పసుపు చాయ ఉంటుంది, వదలొద్దు. బొమ్మ పూర్తయ్యేదాకా రోజూ అదే రంగు చొక్కా వేసుకోండి. ఎర్ర చొక్కాతో ఒకరోజు, తెల్ల చొక్కాతో ఒకరోజు కూర్చుంటే చెంబు బొజ్జ రంగు మారిపోతుంది.

జాడీ దగ్గర తళుకు కిటికీ రంగులోనే ఉంటుంది. పైన గోధుమ గ్లేజు మీదైనా, కింద తెలుపు మీదైనా అదే రంగు. చెంబు మీది తళుకు మాత్రం లోహం వల్ల పసుపు కలుపుకుంటుంది. ఈ ఒక్క తేడా పట్టుకుంటే రెండు పదార్థాలూ విడిపోతాయి.

లాంతరు చిమ్నీకి ‘గాజు రంగు’ వెతకొద్దు. మొదట చిమ్నీ వెనకున్న గుడ్డను, లోపలి వత్తిని వేసేయండి. దాని మీద అంచుల్లో అక్కడక్కడా ముదురు గీత, రెండు తళుకులు. చుట్టూ ఒకే మందంలో గీత గీస్తే చిమ్నీ తీగ చుట్టినట్టు బిగుసుకుపోతుంది. మసికి రా అంబర్ (పచ్చటి చాయ ఉన్న గోధుమ), అల్ట్రామెరైన్ కలిపి, దాదాపు పొడిగా ఉన్న బ్రష్‌తో రాయండి. తుప్పుకు బర్న్ట్ సియెన్నా చిక్కగా అద్ది వదిలేయండి. చిమ్నీ చుట్టూ ఉండే కాపలా తీగలు ఆఖర్న, చీకట్లో కలిసిపోయిన చోట గీయకుండా.

పూతల విషయంలో ఒకటే నియమం: పైకి వెళ్లేకొద్దీ నూనె పెరగాలి. మొదటి పూతకు టర్పెంటైన్ ఒక్కటే. రెండోదానికి టర్పెంటైన్ రెండు పాళ్లు, లిన్సీడ్ ఆయిల్ (అవిసె నూనె) ఒకటి. చివరిదానికి సగం సగం. కింద నూనె ఎక్కువైతే అది ఇంకా కదులుతుండగానే పై పూత బిగుసుకుని బీటలిస్తుంది. లిన్సీడ్ దొరకలేదని వేరుశనగ నూనె కలపొద్దు, అది ఆరదు. అంబర్ కలిసిన పూత ఒకటి రెండు రోజుల్లో ఆరుతుంది, తెలుపు ఎక్కువున్నది వారం కూడా తీసుకుంటుంది, వానాకాలం ఇంకా ఆలస్యం. నీడలు ఆరాక మచ్చలు మచ్చలుగా వెలిసినట్టుంటే కింది పొర నూనె పీల్చిందని అర్థం. ఆరిన పూత మీద లిన్సీడ్ చుక్క రుద్ది, మిగిలింది తుడిచేసి, ఆ మీద పని కొనసాగించండి. వార్నిష్ కనీసం ఆరు నెలలు ఆగాకే.

నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకండి. లిన్సీడ్ ఆరేటప్పుడు వేడి పుడుతుంది, కుప్పలో ఆ వేడి బయటికి పోక గుడ్డలు వాటంతటవే అంటుకుంటాయి. ఒక్కొక్కటీ విడదీసి ఆరుబయట తీగ మీద ఆరేయండి, లేదా నీళ్లు పోసిన ఇనప డబ్బాలో వేసి మూతపెట్టండి.