సెల్ఫ్ తీసుకోవట్లేదని బ్యాటరీ మార్చే ముందు

పాత డీజిల్ పికప్ తెల్లవారుజామున మొండికేస్తే మనం చేసే మొదటి పని నలుగుర్ని లేపి తోయించడం, రెండో పని బ్యాటరీ షాపుకి పోవడం. నేనూ అదే చేశా. మదనపల్లె మార్కెట్‌కి టమాటా లోడు కట్టుకుని కూర్చున్న రోజున బండి 'టక్' అని ఊరుకుంది. కొత్త బ్యాటరీ వేశా, వారం బాగుంది, మళ్లీ అదే కథ. సెల్ఫ్ మోటారు విప్పించి బ్రష్‌లు, బుష్‌లు మార్పించా, అది ఇంకో నాలుగు రోజులు. చివరికి తేలిందేమిటంటే, ఇంజన్‌కీ ఛాసిస్‌కీ మధ్య ఉండే ఎర్త్ పట్టీ, అంటే కరెంటు బ్యాటరీ మైనస్‌కి తిరిగి పోయే దారి. అంతకుముందు క్లచ్ ప్లేట్ల పనికి గేర్‌బాక్స్ దింపినప్పుడు ఆ పట్టీ విప్పి, మళ్లీ తుప్పు మీదే బిగించేశారు. పెట్టిన ఖర్చు వేలల్లో, చివరికి పని చేసింది మాత్రం ఒక ఉప్పు కాగితం ముక్క. అందుకే చెబుతున్నా, ముందు కొలవండి, తర్వాత కొనండి.

కావలసినవి చవక డిజిటల్ మల్టీమీటరు, 12 వోల్టుల బల్బుకి రెండు వైర్లు కట్టిన టెస్ట్ లాంప్, వైర్ బ్రష్, నాలుగు స్పానర్లు. బండి న్యూట్రల్‌లో ఉండాలి, హ్యాండ్‌బ్రేక్ వేసి టైరు కింద రాయి పెట్టండి. చేతికి ఉంగరం ఉంటే తీసేయండి, స్పానర్‌తో పాటు అది కూడా షార్ట్ అయితే వేలు కాలిపోతుంది. బ్యాటరీ దగ్గర బీడీ వద్దు, అందులోంచి వచ్చేది హైడ్రోజన్. బ్యాటరీ వైర్లు విప్పాల్సి వస్తే మైనస్ ముందు విప్పాలి, బిగించేటప్పుడు మైనస్ చివర.

ఇక చప్పుడు వినండి, సగం సంగతి అక్కడే తెలిసిపోతుంది. హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పండి. లైట్లు పూర్తిగా పడిపోయి 'టకటకటక' అని గబగబా కొట్టుకుంటే బ్యాటరీ దిగిపోయింది, లేదా టెర్మినల్ వదులుగా ఉంది. సొలనాయిడ్ (తాళం తిప్పగానే సెల్ఫ్‌కి కరెంటు కలిపే అయస్కాంతపు స్విచ్) లాగగానే లోడు పడి వోల్టేజీ కూలిపోతుంది, దాంతో అది వదిలేస్తుంది, వదలగానే వోల్టేజీ లేచి మళ్లీ లాగుతుంది, ఆ చప్పుడు అదే. లైట్లు పెద్దగా తగ్గకుండా ఒకే ఒక్క గట్టి 'టక్' వస్తే సొలనాయిడ్ లోపలి కాంటాక్టులు కాలిపోయి ఉండొచ్చు, సెల్ఫ్ బ్రష్‌లు అరిగిపోయి ఉండొచ్చు. అసలు చప్పుడే లేకుండా లైట్లు మాత్రం ఫుల్లుగా వెలుగుతుంటే సొలనాయిడ్ దాకా కరెంటే పోవట్లేదన్నమాట. సెల్ఫ్ 'జుయ్' మని తిరుగుతూ ఇంజన్ కదలకపోతే బెండిక్స్ (సెల్ఫ్‌ని ఇంజన్ పళ్లకి కలిపే గేరు) పోయింది, దానికి మీటరుతో పని లేదు.

బ్యాటరీని పొద్దున్నే, ఏదీ ముట్టుకోకముందు కొలవండి. 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగమే, 12 లోపు ఉంటే ముందు ఛార్జింగ్ పెట్టించాలి, మిగతా పరీక్షలు ఆ తర్వాతే. ఛార్జింగ్ పెట్టాక కూడా పదిన్నర దగ్గరే ఆగిపోతే ఒక సెల్ చచ్చిపోయింది (ఆరు సెల్స్, ఒక్కోటి రెండు వోల్టుల చిల్లర, లెక్క సరిపోతుంది). అలాంటి బ్యాటరీకి ఎంత ఛార్జింగ్ పెట్టినా దండగే. 12.6 చూపించినంత మాత్రాన మంచిదని కూడా నమ్మకండి. ఎవరినైనా సెల్ఫ్ కొట్టమని అప్పుడు మీటరు చూడండి, 9.6 కంటే కిందికి పోకూడదు. నీళ్లు తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయాలి, యాసిడ్ కాదు.

ఇప్పుడు అసలు పరీక్ష. మన ఏరియా ఎలక్ట్రీషియన్లలో దీన్ని చేసినవాళ్లని నేను ఒక్కరినే చూశా, ఆయనే నా బండి జబ్బు పట్టుకున్నది. డీజిల్ ఇంజన్‌ని తిప్పడానికి సెల్ఫ్ రెండు వందల ఆంపియర్లకి పైగానే లాగుతుంది. అంత కరెంటు పోయే దారిలో ఒక ఓమ్‌లో నూరో వంతు అడ్డం ఉన్నా చాలు, అక్కడే రెండు వోల్టులు మాయం. టెస్ట్ లాంప్ పెడితే శుభ్రంగా వెలుగుతుంది, మామూలుగా మీటరు పెడితే 12 చూపిస్తుంది, ఎందుకంటే అప్పుడు కరెంటు పారట్లేదు. అందుకే సెల్ఫ్ తిరుగుతుండగానే కొలవాలి. ఇంజన్ అంటుకోకుండా డీజిల్ పంపు మీదున్న స్టాప్ సొలనాయిడ్ (కరెంటు అందకపోతే డీజిల్ ఆపేసేది) వైరు పీకేయండి. మీటరు ఎర్ర పిన్ను బ్యాటరీ ప్లస్ సీసపు మొన మీదే పెట్టండి, క్లాంపు మీద కాదు. నల్ల పిన్ను సెల్ఫ్ మీద లావు వైరు వచ్చి చేరే బోల్టు మీద. సెల్ఫ్ కొట్టమనండి. అర వోల్టు లోపు చూపిస్తే వైరు మంచిదే, అంతకంటే ఎక్కువుంటే ఆ దారిలోనే ఎక్కడో తినేస్తోంది. తర్వాత మైనస్ వైపు: ఒక పిన్ను మైనస్ మొన మీద, ఇంకోటి ఇంజన్ మీద రంగు లేని ఇనుము మీద. ఇక్కడ 0.3 దాటకూడదు. నా బండికి 2.4 చూపించింది! ఒక్కసారికి పది సెకన్లకి మించి సెల్ఫ్ కొట్టకండి, మధ్యలో నిమిషం ఆగండి, లేకపోతే మంచి సెల్ఫ్‌ని మీరే కాల్చినవాళ్లవుతారు.

ఎర్త్ పోయిందని మీటరు లేకుండా కూడా పట్టుకోవచ్చు. నాలుగుసార్లు సెల్ఫ్ కొట్టి యాక్సిలరేటర్ కేబుల్ పట్టుకుని చూడండి. వేడిగా ఉంటే, ఎర్త్ పట్టీలో దారి దొరకని కరెంటు ఆ సన్న తీగలోంచి వెనక్కి పోతోందన్నమాట. నాకు ప్లాస్టిక్ కాలిన వాసన రెండుసార్లు వచ్చింది, పట్టించుకోలేదు. బ్యాటరీ మైనస్ నుంచి ఇంజన్ కొక్కేనికి ఒక జంపర్ కేబుల్ కలపండి, అప్పుడు ఝామ్మని తిరిగితే ఇక అనుమానమే లేదు.

టెర్మినల్స్ మీద తెల్లగా, పచ్చగా పేరుకున్న పొడిని వేడినీళ్లలో వంటసోడా కలిపి కడగండి, ఆ నీళ్లు సెల్స్ లోపలికి పోకూడదు. తర్వాత వైర్ బ్రష్‌తో సీసం మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించి, అప్పుడు పైన వాజిలీన్ పూయండి. క్లాంపు వదులైందని సందులో మేకు కొట్టే అలవాటు మానండి, వంద రూపాయల్లో కొత్త క్లాంపే వస్తుంది.

చప్పుడే రాని బండికి టెస్ట్ లాంప్ చాలు. సొలనాయిడ్ మీద సన్న వైరు చేరే చోట, చాలా వాటికి 50 అని రాసి ఉంటుంది, అక్కడ ఒక కొస పెట్టి రెండోది ఇంజన్‌కి తాకించి తాళం తిప్పించండి. ఫుల్లుగా వెలిగినా సెల్ఫ్ కదలకపోతే తప్పు సొలనాయిడ్‌లోనో సెల్ఫ్‌లోనో ఉంది, సుత్తి కర్రతో సెల్ఫ్ ఒంటి మీద రెండు తట్టితే తిరిగిందంటే బ్రష్‌ల పని అయిపోయింది, ఆ మంత్రం ఇంకో పదిసార్లకి మించి పనిచేయదు. వెలగకపోతే వెనక్కి వెళ్లండి: రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్), ఫ్యూజు, క్లచ్ స్విచ్, చివర తాళం స్విచ్. హారన్ రిలే అలాంటిదే అయితే దాన్ని తీసి ఇందులో పెట్టి చూడొచ్చు. మసకగా వెలిగితే తాళం స్విచ్ కాంటాక్టులు అరిగి ఉండొచ్చు. రిలే లేని పాత బళ్లకి ఒక రిలే కలిపించుకుంటే స్విచ్ మీద బరువు తగ్గుతుంది.

రోజూ బాగుండి, రెండు రోజులు ఆపితేనే దిగిపోతుంటే బండి నిద్రపోతున్నా ఏదో కరెంటు తాగుతోంది. 5 వాట్ల బల్బు ఒక్కటి ఆర్పకుండా ఉంటే నాలుగు రోజుల్లో 80 ఆంపియర్ అవర్ల బ్యాటరీ సగం ఖాళీ. అన్నీ ఆపేసి, మైనస్ వైరు విప్పి, మొనకీ వైరుకీ మధ్య టెస్ట్ లాంప్ పెట్టండి. వెలిగితే ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ పోండి, ఏది పీకితే ఆరుతుందో అదే దొంగ. ఏదీ ఆర్పకపోతే బ్యాటరీకి నేరుగా వైరు లాగి కట్టిన పాటల డెక్కుని చూడండి. డైనమోని కూడా ఒకసారి కొలవండి, ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ మీద 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి.

పొలంలో ఆగిపోతే ట్రాక్టర్ బ్యాటరీ నుంచి జంపర్ వేయొచ్చు, అదీ 12 వోల్టులే. పెద్ద లారీల్లో చాలా వాటికి 24 ఉంటుంది, వాటి జోలికి పోకండి. ప్లస్‌కి ప్లస్ కలిపాక, నల్ల వైరు చివరి కొసని మన బ్యాటరీకి కాకుండా ఇంజన్ ఇనుముకి తగిలించండి, అక్కడ నిప్పురవ్వ వచ్చినా బ్యాటరీ గ్యాస్‌కి దూరంగా ఉంటుంది.

ఇక సెల్ఫ్ గట్టిగానే తిరుగుతూ ఇంజన్ అంటుకోకపోతే, ఇందాక పీకిన స్టాప్ సొలనాయిడ్ వైరు మళ్లీ పెట్టారో లేదో చూడండి, నేను అది మర్చిపోయి అరగంట తిట్టుకున్నా. తాళం ఆన్ చేయగానే పంపు మీద చిన్నగా 'టిక్' అనాలి. అంటోందా, అయితే కరెంటు సంగతి అయిపోయినట్టే, డీజిల్ లైన్లో గాలి ఉందేమో ఫిల్టర్ దగ్గర చూసుకోండి.