విదేశీ ఎంబీబీఎస్‌కి అడ్వాన్స్ కట్టే ముందు ఒక్క మెయిల్

బెంగళూరు మారతహళ్ళిలో మనవాళ్ళుండే పీజీల గోడల మీద ‘విదేశాల్లో ఎంబీబీఎస్’ పాంప్లెట్లు మళ్ళీ మొదలయ్యాయి. పిల్లల్ని పంపాలనుకునేవాళ్ళు కన్సల్టెన్సీ చేతిలో డబ్బు పెట్టకముందే కాలేజీకి నేరుగా మెయిల్ పెట్టండి. ఫీజు, హాస్టలు, ఆంధ్రా మెస్సు సంగతులు ఎవరైనా చెప్తారు. మీరు అడగాల్సింది వేరే: కోర్సు 54 నెలలకు తగ్గకుండా ఉందా, మొత్తం ఇంగ్లిషులోనేనా, 12 నెలల ఇంటర్న్‌షిప్ మీ దగ్గరే చేయిస్తారా, పాసయ్యాక మీ దేశస్థులతో సమానంగా మావాడికీ ప్రాక్టీసు లైసెన్సు వస్తుందా? ఇవన్నీ మన దేశంలో వైద్య విద్యను నియంత్రించే ఎన్‌ఎంసీ (నేషనల్ మెడికల్ కమిషన్) 2021 నిబంధనల్లో ఉన్నవే.

ఆ చివరి ప్రశ్న దగ్గరే ఏజెంట్లు మాట మార్చేస్తారు. అక్కడ విదేశీయులకు ఆ లైసెన్సు రాదంటే, ఆ డిగ్రీ పట్టుకొచ్చినా ఇక్కడ రిజిస్ట్రేషన్‌కి చిక్కే. ‘చూద్దాం సార్, రూల్స్ మారతాయి’ అంటే నమ్మకండి. నీట్ క్వాలిఫై అవ్వకపోయినా సీటిప్పిస్తాం అంటే ఇక వినేదేం లేదు, లేచొచ్చేయండి.

అన్నట్టు, టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉందేమో చూసుకోండి. తేడా ఉంటే అప్లికేషన్ పెట్టకముందే సరిచేయించండి.